కొల్లేటి సీమలో వృక్షధర్మము: ఒక చారిత్రక పరిశీలనము



"క్షేత్రము" అను పదమునకు మన వాఙ్మయమున మూడు అర్థములు ప్రసిద్ధములు. రైతు దున్ని విత్తు పొలము క్షేత్రము. దైవము కొలువైన స్థలము క్షేత్రము. గీతాశాస్త్రమున పదమూడవ అధ్యాయమందు భగవానుడు ఈ శరీరమునే క్షేత్రమని చెప్పెను. విత్తినది ఫలించు చోటు అను భావము మూడింటికిని సమానము. పొలమున ఏ విత్తు వేయవలెనో రైతు నేలను చూచి నిర్ణయించును. దేవాలయ ప్రాంగణమున ఏ మొక్క నాటవలెను అను విషయమున మాత్రము నేడు మనము నేలను చూచుట మానితిమి. నర్సరీలో ఏది పచ్చగా, శీఘ్రముగా పెరుగునో అదియే నాటుచున్నాము.

ఆస్తిక మహాశయులు పలువురు నన్ను ఈ విషయమై అడుగుచుందురు. గుడి చుట్టును నందనవనము పెంచదలచితిమి, ఏ మొక్కలు తేవలెను అని వారి ప్రశ్న. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేరు కలిసిన ఈ సీమకు వేయిన్నర సంవత్సరములకు మించిన లిఖిత చరిత్ర కలదు. ఆ చరిత్రను శాస్త్రముతో కలిపి చదివినచో సమాధానము దొరకును. నేలను, నీటిని ఎరిగి నాటిన వృక్షము ధర్మమగును. ఎరుగక నాటినది అలంకారముగానే మిగులును. వరదయో, తుపానో వచ్చిననాడు ఆ రెండింటికిని గల భేదము తెలియును.

సీమ స్వరూపము

ఈ సీమలో మూడు విధములైన నేలలు కలవు. ఉత్తరమున ద్వారకా తిరుమల వైపు ఎఱ్ఱనేలల మెట్ట. దక్షిణమున కాలువలతో తడిసెడి నల్లరేగడి డెల్టా. తాడేపల్లిగూడెము ఈ రెండింటి సంధిస్థానమున ఉన్నది. మూడవది కొల్లేరు. కృష్ణా గోదావరీ నదులు వేల సంవత్సరములు మట్టి తెచ్చి ఇరువైపుల డెల్టాలను నిర్మింపగా, వాటి నడుమ పూడక మిగిలిన పల్లమే ఈ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు మెట్ట ప్రాంతముల నుండి దిగి ఇందులో చేరును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే మార్గము. వచ్చు ద్వారములు అనేకములు, పోవు ద్వారము ఒకటి. కావున వర్షకాలమున కొల్లేరు విస్తరించును, గ్రీష్మమున సంకోచించును. ఈ శ్వాసయే దాని జీవము.

ఇట్టి సరస్సునకు స్థిరమైన తీరరేఖ ఉండదు. ఆషాఢమున గట్టుగా ఉన్న చోటు భాద్రపదమున నీరగును. అచ్చట ఆరు నెలలు మునిగి, ఆరు నెలలు ఎండి బ్రతుకగల మొక్కయే నిలుచును. కిక్కిస, జమ్ము, తుంగ అట్టివి. ఇవి అలల వేగమును తగ్గించును. ఏరులు తెచ్చు ఒండ్రును వేళ్ళయందు పట్టి నిలుపును. చేపపిల్లలకు నీడయు, పక్షులకు గూడును ఇచ్చును. నీటిలో కరిగిన మాలిన్యమును ఆహారముగా గ్రహించి నీటిని తేటపరచును. మానవ ప్రయత్నము లేకయే ప్రకృతి నిర్మించిన ప్రాకారమిది.

వేంగినాటి కొల్లేరు

ఏలూరు సమీపమున నేడు పెదవేగి అని పిలువబడు గ్రామమే ప్రాచీన వేంగీపురము. సముద్రగుప్తుని ప్రయాగ శాసనమున వేంగి పాలకుడైన హస్తివర్మ పేరు కలదు. శాలంకాయన రాజులు తమ శాసనములందు చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకొనిరి. తరువాత క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనమున రవికీర్తి కవి, రెండవ పులకేశి పిష్ఠపురమును జయించిన పిమ్మట కునాళ జలము యుద్ధమున రక్తవర్ణమైనదని వర్ణించెను. ఆ జలము కొల్లేరే అని చరిత్రకారుల నిర్ణయము. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనునితో వేంగి చాళుక్యుల పాలన ఆరంభమయ్యెను.

దండి మహాకవి దశకుమారచరితమున సప్తమోచ్ఛ్వాసము ఓష్ఠ్యాక్షరములు లేని రచనగా పండితలోకమున ప్రసిద్ధము. అందులో ఆంధ్రనగర సమీపమున ఒక మహాసరస్సు వర్ణింపబడినది. అది కొల్లేరే అని పలువురు విద్వాంసుల అభిప్రాయము. రాజధానికి దాపున ఇంత జలరాశి ఉండుట వేంగి రాజ్యమునకు ధాన్యమును, మత్స్యసంపదను, శత్రువుల నుండి రక్షణను కలిగించెను.

రక్షణ విషయమున మా సీమలో ఒక ఐతిహ్యము కలదు. గజపతుల కాలమున కొల్లేటికోట ద్వీపమందు వారి దుర్గము ఉండెననియు, శత్రువులు ఒడ్డున చిగురుకోటలో విడిసి, నీటిని దాటలేక, సరస్సును సముద్రమునకు దించుటకై ఒక కాలువ త్రవ్వించిరనియు, అదియే ఉప్పుటేరనియు చెప్పుదురు. ఆ సందర్భమున దుర్గాధిపతి తన కుమార్తెను బలి యిచ్చెననియు, అందుచేత ఆ కాలువకు పేరంటాల కనుమ అను పేరు కలిగెననియు పెద్దల మాట. ఇది ఐతిహ్యమే, శాసనము కాదు. అయినను ఇందులో ఒక లోతైన స్మృతి నిక్షిప్తమై ఉన్నది. సరస్సు నీటిని కదల్చినవాడు గొప్ప మూల్యము చెల్లింపవలసి వచ్చునని జనులు ఎరుగుదురు. నేటికిని కొల్లేటికోటలో శ్రీ పెద్దింట్లమ్మవారు వెలసియున్నది. ఫాల్గుణమున జరుగు జాతరకు లంకగ్రామముల ప్రజలు తరలివచ్చుదురు. సరస్సును తల్లిగా భావించు సంస్కారము ఆ విధముగా నిలిచియున్నది.

వరాహమిహిరుడు చెప్పిన గట్టు

శాస్త్రము ఏమి చెప్పుచున్నదో ఇక చూతము. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గలము, వృక్షాయుర్వేదము అను రెండు అధ్యాయములు పక్కపక్కనే ఉన్నవి. మొదటిది భూగర్భజలమును గుర్తించు విద్య. రెండవది చెట్లను పెంచు విద్య. జలమును గూర్చి చెప్పిన వెంటనే వృక్షములను గూర్చి చెప్పుటలో ఆచార్యుని హృదయము వ్యక్తమగుచున్నది.

దకార్గలమున నేరేడు, మేడి మున్నగు చెట్లను నీటికి చిహ్నములుగా ఆచార్యుడు చెప్పెను. చెట్టు ఎచ్చట సహజముగా పెరుగునో చూచి, దానికి ఏ దిక్కున ఎన్ని మూరల దూరమున, ఎంత లోతున నీరు పడునో గణించెను. అనగా స్థానిక వృక్షము నేల వ్రాసిన లేఖ వంటిది. దానిని చదువుట నేర్చిన పిదపనే త్రవ్వుటయు, నాటుటయు.

అదే అధ్యాయమున చెరువుగట్టుపై ఉండవలసిన వృక్షములను పేర్కొనెను. కకుభము, వటము, చూతము, ప్లక్షము, కదంబము, జంబువు, తాళము, అశోకము, మధూకము, వకుళము అందులో ముఖ్యములు. వీటిని మన తెలుగు పేర్లతో చెప్పుకొన్నచో తెల్లమద్ది, మర్రి, మామిడి, జువ్వి, కడిమి, నేరేడు, తాడి, అశోకము, ఇప్ప, పొగడ. ఈ పట్టికను మా సీమలోని పాత చెరువుగట్టున నిలబడి చదువుడు. తెల్లమద్ది ఏటి ఒడ్డుననే పుట్టు చెట్టు. దాని వేళ్ళు గట్టును వలవలె పట్టుకొనును. నేరేడు కొన్ని దినములు మొదట నీరు నిలిచినను ఓర్చుకొనును. తాడి సూటిగా నిలిచి గాలికి తల వంచక, ఆకును మాత్రము ఇచ్చి తాను నిలుచును.

వృక్షాయుర్వేదమున ఆచార్యుడు నీడలేని తీరము గల జలాశయము మనోజ్ఞము కాదని ఆరంభించెను. తరువాత నేలను సిద్ధపరచు విధానము చెప్పెను. ముందుగా నువ్వులు చల్లి, అవి పూచిన పిమ్మట ఆ నేలలోనే త్రొక్కివేయవలెను. నేటి రైతు జనుము, జీలుగ చల్లి దున్నివేయుట ఇదియే. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరలు ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు దూరమును నిర్ణయించెను. దగ్గరగా నాటినచో కొమ్మలును వేళ్ళును పెనగి చెట్లు పీడింపబడునని హెచ్చరించెను. ఫొటో కొరకు ఒకే దినమున మూర దూరమున వందల మొక్కలు నాటు మన అలవాటునకు ఇది సమాధానము.

ఇక పురాణములు. మత్స్యపురాణమున తటాకవిధి చెప్పబడిన వెంటనే వృక్షోత్సవ విధి చెప్పబడినది. పదిమంది పుత్రులకు ఒక వృక్షము సమానమని పార్వతీదేవి పలికినదియు ఆ పురాణముననే. శ్రౌతకర్మలు ఇష్టము, చెరువులు, బావులు, తోటలు, అన్నసత్రములు పూర్తము. ఇష్టాపూర్తములు రెండును కలిసిననే గృహస్థధర్మము నిండును. చెట్టు నాటుట నేటి పర్యావరణ దినోత్సవముతో పుట్టిన వ్రతము కాదు. అది మన పూర్తధర్మము.

ఆనకట్టల తరువాత

1833 ప్రాంతమున ఆంధ్రతీరము ఘోర క్షామమును చవిచూచెను. అటుపిమ్మట ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమయ్యెను. ఏలూరు కాలువ ఈ రెండు నదులను కలిపెను. అన్నము లేని సీమ అన్నపూర్ణ అయ్యెను. గోదావరి జిల్లాల ప్రజలు నేటికిని కాటన్ పేరును కృతజ్ఞతతో స్మరించుట న్యాయమే.

అయినను ప్రతి ఉపకారమునకు ఒక బాధ్యత తోడై వచ్చును. పొలముల నుండి దిగు మురుగునీరు, దానితో ఎరువులు, పురుగుమందులు కొల్లేరునకు చేరసాగెను. 1970 దశకము నుండి సరస్సులో చేపల చెరువులు పెరిగినవి. ఒక్కొక్క చెరువునకు ఒక్కొక్క గట్టు వేయుటచే నీరు పరచుకొను స్థలము తగ్గెను. కిక్కిస పొదలు తొలగెను. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో 901 చదరపు కిలోమీటర్ల ప్రాంతము రామ్‌సర్ అంతర్జాతీయ పట్టికలో చేరెను. 2006లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశములు ఇచ్చిన కాలమున పెక్కు చేపల చెరువుల గట్లను యంత్రములతో తొలగించిరి. ఆ చెరువులను నమ్ముకొన్న కుటుంబముల దుఃఖమును తక్కువ చేసి మాట్లాడుట ధర్మము కాదు. గట్టు వేయునాడే నీటి మార్గమును తలచియున్నచో ఈ దుఃఖము కలుగకుండెడిది.

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి అందరును ఎరుగుదురు. ఆ నీరు తుదకు రావలసినది కొల్లేరునకే. సరస్సు ఊపిరి తీయుటకు ఎంత చోటు మిగిల్చితిమో అంతయే మనకును రక్షణ.

ఆరేడు గూడబాతులు

1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు, మలయాళమున ఇందుచూడన్ అను కలము పేరుతో ప్రసిద్ధుడు, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతుల మహానివాసమును లోకమునకు తెలిపెను. అప్పుడు సుమారు 3000 గూడబాతులు అచ్చట గూళ్ళు కట్టుచుండెనట. 1974 ప్రాంతమునకు ఆ నివాసము శూన్యమయ్యెను.

ఆ పక్షికి కావలసినవి రెండు. మత్స్యములు గల నిస్సంకోచమైన జలము ఒకటి. పిల్లలతో కూడిన బరువైన గూటిని మోయగల చెట్టు రెండవది. మనుష్యుల నడుమ గల చెట్లపై గూడు కట్టవలెనన్నచో మూడవది కూడ కావలెను, ఆ మనుష్యుల అభయము. నీరు, చెట్టు, అభయము మూడును ఒకచోట కూడుటయే మన భాషలో తపోవనము.

నేడు కైకలూరు సమీపమున ఆటపాక పక్షికేంద్రమునకు గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చుచున్నవి. సంతోషించవలసిన విషయము. చెట్లు చాలక పోవుటచే అటవీశాఖవారు ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వాటిపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుచున్నవి. ఆ మంచెలను నిలిపినవారి దయకు నమస్కారము. అయినను మంచె నీడనీయదు, ఆకు రాల్చదు, తనంతట తాను మరియొక మంచెను పుట్టింపదు. చెట్టు చేయు పనిలో నాలుగవ వంతునకు మాత్రమే ఇనుము ప్రత్యామ్నాయము.

పరదేశ వృక్షములు

ఇచ్చట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలెను. పరదేశము నుండి వచ్చిన ప్రతి మొక్కయు నింద్యమా? కాదు. మన గుమ్మములకు తోరణమగు బంతి అమెరికా ఖండము నుండి వచ్చినది. మిరప, జామ, బొప్పాయి కూడ అట్లే వచ్చినవి. అవి మన తోటలో మనకు లోబడి, తేనెటీగకును పిట్టకును భాగము పెట్టి బ్రతుకుచున్నవి. అతిథిగా వచ్చి కుటుంబమున కలిసిపోయినవి. మొక్కను జన్మచేత గాక వర్తనముచేత పరీక్షించవలెను.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికా జలములది. దాని ఊదా పువ్వుల అందము చూచి 19వ శతాబ్ది చివర మన దేశమునకు తెచ్చిరి. నేడు అది కొల్లేరునందును, మురుగు కాలువలందును చాపవలె పరచుకొని, క్రింది నీటికి వెలుతురును గాలిని అందనీయక, తామరకును కలువకును చోటు లేకుండ చేయుచున్నది. వంటచెరకు కొరకు అదే కాలమున తెచ్చిన సర్కారు తుమ్మ కడప సీమలో మొదలై తెలుగు దేశమంతయు వ్యాపించెను. ఇటీవల వీథులందు, కార్యాలయములందు, కొన్ని దేవాలయములందు కూడ కోనోకార్పస్ వరుసలు కనబడుచున్నవి. ఏడాది తిరుగకముందే పచ్చని గోడ కట్టును, పశువు తినదు అని దానిని నాటుచున్నారు. పూజకు పనికిరాని చెట్టు గుడిలో ఎందులకు? గుజరాత్ ప్రభుత్వము 2023లో దానిని నాటరాదని నిషేధించెను.

నేటి కర్తవ్యము

వినాయక చవితినాడు ఇరువదియొక్క పత్రములతో పూజింపుమని విధి. మాచీపత్రము, బిల్వము, దూర్వ, బదరి, అపామార్గము, తులసి, చూతము, సింధువారము, శమి, అశ్వత్థము, అర్జునము, అర్కము ఇత్యాదులు. వీటిలో అధికభాగము మన చేనిగట్టున, చెరువుగట్టున పెరుగునవే. ఉత్తరేణి, జిల్లేడు నాటకయే మొలచును. విధి యొక్క ఫలములలో ఇదియు ఒకటి. ఏడాదికి ఒక్కనాడైనను పిల్లవాడు తన ఊరి చుట్టును తిరిగి ఇరువదియొక్క మొక్కలను గుర్తించి తెచ్చును. నేడు బజారులో కట్టగట్టి అమ్ము ఆకులను కొని, పుస్తకమున సింధువారము అని చదివి, చేతికందిన ఏదో ఆకును సమర్పించుచున్నాము. వావిలిని చూపుమన్నచో చూపగల పిల్లలు ఎందరు? మంత్రము మిగిలి, పత్రము లోపించినచో పూజ సగమే.

కావున నందనవనము పెంచదలచినవారికి నా విన్నపము ఇది. మొదట నేల మెట్టయో, డెల్టాయో, కొల్లేటి పల్లమో తెలిసికొనుడు. మెట్టలో మారేడు, వెలగ, ఉసిరి, వేప, రేగు, జమ్మి సుఖముగా పెరుగును. డెల్టాలో చెరువుగట్టున తెల్లమద్ది, నేరేడు, కానుగ, వావిలి నాటుడు. కానుగ కొంత ఉప్పును కూడ సహించును గనుక ఉప్పుటేటి వైపు గ్రామములకు మరింత యోగ్యము. పొలము సరిహద్దులలో తాడిని కొట్టివేయకుడు. 1977 నవంబరు, 1996 నవంబరు తుపానులను చూచిన తీరవాసులకు తాడి విలువ చెప్పనక్కరలేదు. 1996లో కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగిన తీరు నేటికిని మరువరానిది. కొల్లేటి అంచున కిక్కిసను, తుంగను కలుపు అని పీకివేయకుడు. కోనేటిలో ఒక మూలనైనను తామరకును కలువకును చోటుంచుడు.

రావి, మర్రి విషయమున వివేకము అవసరము. వీటి వేళ్ళు గోడలను చీల్చునన్నది సత్యము. గోపురముపై మొలచిన రావిమొక్కను జీర్ణోద్ధరణ సమయమున తొలగించుట మన ఆచారమే. అందుచేత వాటిని ఆలయ కుడ్యములకు దూరముగా, ఊరి చివర విశాల స్థలమున నాటవలెను. పంచవటిని స్థాపింపదలచినచో తూర్పున రావి, ఉత్తరమున మారేడు, పడమట మర్రి, దక్షిణమున ఉసిరి, ఆగ్నేయమున అశోకము అని విధి. ఆ చోటు అయిదు మహావృక్షములు ఎదుగునంత విశాలముగా ఉండవలెను. ఉన్న చెట్టు చుట్టును మొదలు వరకు సిమెంటు పోయించుట చెట్టుకు ఊపిరి బిగించుటయే. ఒక గ్రామమున రావిచెట్టు అరుగునకు నునుపురాళ్ళు పరచిన మూడవ ఏట పైకొమ్మలు ఎండుట నేను కన్నులార చూచితిని. ప్రదక్షిణమునకు మట్టినేల చాలును. వర్షపునీరు వేరునకు చేరుటయే ఆ వృక్షమునకు నిత్యాభిషేకము.

మొక్కలకై దూరము పోనక్కరలేదు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో స్థాపితమైన ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. నేలకు తగిన మొక్క ఏదో అచ్చటి నిపుణులను అడుగవచ్చును. అంతకంటె సులభము, మీ ఊరిలోనే వందేండ్ల నాటి చెట్టు క్రింద రాలిన విత్తనములను ఏరి మొలకెత్తించుడు. నూరు వర్షములను, పది తుపానులను దాటిన చెట్టు సంతానమునకు ఆ నేల పరిచితమే. ఆషాఢ శ్రావణములలో నాటి, మూడు వేసవులు నీరు పోసి కాపాడుడు. పది నాటి పదింటిని బ్రతికించుట, వేయి నాటి మరచుటకంటె పుణ్యము.

రానున్న కార్తికమున వనభోజనమునకు పోవునప్పుడు మీ ఊరిలో ఉసిరిచెట్టు ఉన్నదో లేదో చూడుడు. ఉన్నచో దాని మొదట మట్టి వదులు చేసి నీరు పోయుడు. లేనిచో ఆ దినముననే దానికి తగిన చోటును నిర్ణయించి, వచ్చు ఆషాఢమున నాటుదుమని సంకల్పము చెప్పుకొనుడు. వనము లేని వనభోజనము మన పిల్లలకు వారసత్వముగా మిగులరాదు.

స్వస్తి.